బేకరీ గుమ్మం ముందు గుంట

సిల్వీను తవారెస్‌కు లిస్బన్‌లో తొమ్మిది గంటలు దొరికాయి. రోటర్‌డామ్ నుంచి వచ్చిన విమానం ఉదయం పదింటికి దింపింది. కేప్ వెర్డెకు, అంటే సొంత దీవికి, పోయేది సాయంత్రం ఏడింటికి. అలాంటి మధ్యవేళల్లో మా దీవుల వాళ్ళు ఊరి శివార్లలోని చుట్టాల ఇంటికి పోయి, వేడి వేడి మొక్కజొన్న కషూపా తిని, ఊళ్ళో ఇవ్వమని వాళ్ళు అంటగట్టిన మూటలు మోసుకుని తిరిగొస్తారు. సిల్వీను ఎవరికీ ఫోన్ చేయలేదు. పెట్టె విమానాశ్రయంలో అప్పజెప్పి, మెట్రో దిగి, గ్రాసా కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. అరవై ఆరేళ్ళ మోకాళ్ళు ప్రతి మలుపు దగ్గరా ఆపాయి.

తమ్ముడు ఆర్మిందు పోయి నాలుగు రోజులైంది. పాతిపెట్టే వేళకు అందుకోలేకపోయాడు, ఏడో రోజు ప్రార్థనకైనా ఉండాలని బయల్దేరాడు. ఆ రోజు వాకిలి నిండా జనం కూర్చుంటారు. అన్న గనక నాలుగు మాటలు అతనే చెప్పాలి. ఏం చెప్పాలో విమానంలోనే నిశ్చయించుకున్నాడు. పనిలో తెచ్చిన చెడ్డపేరుకు తమ్ముణ్ణి క్షమించానని అందరి ముందూ అంటాడు. అని, తమ్ముడు లిస్బన్‌లో పరిచిన రాయి ఒకటి సమాధి మీద పెడతాడు. ఆ రాయి కోసమే ఈ కొండ ఎక్కడం.

ముప్ఫై ఆరేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ ఈ ఊరి కాలిబాటలకు తెల్లరాళ్ళు పరిచేవాళ్ళు. గొంతుకూర్చుని, ఒక అరచేతిలో రాయి పట్టుకుని, రెండో చేతి సుత్తితో చీల్చి, ఇసుకలో కుదురుగా దిగేలా కూర్చాలి. ఆర్మిందు ఎడమచేతివాడు. అన్న పరిచిన వరసలు ఒక పక్కకు వాలితే అతనివి రెండో పక్కకు వాలేవి. అందుకని చెరో కొస నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకునేవారు. కలిసిన చోట పాపిడి తీసినట్టు గీత పడేది.

గ్రాసా కొండ మీది ఒక సందులో సిల్వీను కింది నుంచి పరుచుకుంటూ వచ్చాడు, ఆర్మిందు పైనుంచి. తొలి వానలకే బేకరీ గుమ్మం ముందు బాట కుంగింది. ఒక ముసలావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గుత్తేదారు మనిషి కాగితం పట్టుకుని పనివాళ్ళ షెడ్డుకు వచ్చి, అది ఎవరు వేశారని అడిగాడు. జన్మలో సుత్తి పట్టినవాడు కాదు, వెళ్ళి వరసలు చూస్తే తేలిపోతుందని అతనికి తెలియదు. సిల్వీనే ముందు నోరు తెరిచాడు. తాను కింద దీపస్తంభం దాకానే వచ్చానని, గుమ్మం తమ్ముడి వైపని చెప్పాడు. ఆర్మిందు అన్న వంక చూశాడు. ఆ వారమే తమ్ముణ్ణి పనిలోంచి తీసేశారు. పని పోయాక లిస్బన్‌లో ఉండే అనుమతీ పోయింది. దీవికి వెళ్ళేసరికి అతని కన్నా ముందే కబురు చేరి ఉంది. బాట పరచడం రానివాడికి గోడ ఎవరు అప్పగిస్తారు? మిగతా బతుకంతా గాడిద మీద నీళ్ళ డబ్బాలు తోలాడు.

తాను చెప్పింది నిజమేనని సిల్వీను నమ్మాడు. నమ్మాడు గాని ఆ సందులో మళ్ళీ అడుగు పెట్టలేదు. రోటర్‌డామ్ వెళ్ళి టైల్స్ పనిలో కుదురుకున్నాడు. రెండుసార్లు దీవికి పోయాడు, తమ్ముడి గడప తొక్కలేదు.

బేకరీ ఇంకా ఉంది. గుంటా ఉంది. మధ్యలో చాటంత మేర ఎవరో సిమెంటు పూశారు, చుట్టూ రాళ్ళు మాత్రం పాతవే. సిల్వీను వరసల వెంట పైకి నడిచాడు. గుమ్మం దాటాడు, కిటికీ దాటాడు. కిటికీకి అవతల నాలుగడుగుల దూరాన కనిపించింది పాపిడి గీత. వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళి చూశాడు. గుమ్మం ముందున్న వరసలన్నీ తనవే. ఆ మధ్యాహ్నం వాన మొదలవుతుంటే తొందరపడ్డాడు. రాళ్ళను అణగగొట్టే దిమ్మిస రెండోసారి వేయలేదు. ఇప్పుడు అంతా గుర్తొచ్చింది, భుజాల మీద పడిన చినుకులతో సహా.

"ఏం పెద్దాయనా, ఉంగరం పడేసుకున్నారా?" బేకరీ యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. "ఆ గుంటా? నేను కొట్టు కొన్నప్పటి నుంచీ ఉంది. వానొస్తే పావురాలకు స్నానాలగది. ఎవడో ఎడంచేత్తో వేసి పోయాడు."

"కాదమ్మా. కుడిచేతివాడే వేశాడు."

ఆమె అతని మొహం చూసి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది, కాఫీ ఇచ్చింది. కాఫీ చల్లారిపోయాక సిల్వీను తమ్ముడి భార్య జుల్మీరాకు ఫోన్ చేశాడు. అవతల మొక్కజొన్నలు దంచుతున్న చప్పుడు వినిపించింది. చావు ఇంటికి వచ్చేవాళ్ళ కోసం.

"జుల్మీరా, ఆ గుంట నాది. ఆర్మిందుది కాదు."

"తెలుసు బావగారూ."

"వాడు చెప్పాడా?"

"పెళ్ళికి ముందే చెప్పాడు. మరి నలుగురిలో అనవేం అంటే, అది అన్న చెప్పుకోవాల్సిన మాట, తనే వచ్చి చెబుతాడులే అనేవాడు. మీరు ఊళ్ళోకి వచ్చారని తెలిసిన రెండుసార్లూ మంచి చొక్కా తొడుక్కుని సాయంత్రం దాకా వాకిట్లో కూర్చున్నాడు."

సిల్వీను క్షమించమని ఏదో గొణిగాడు. రోకలి చప్పుడు ఆగింది.

"నాకు చెబితే ఏం లాభం బావగారూ? ఎల్లుండి వాకిట్లో అందరూ ఉంటారు. వాళ్ళకి చెప్పండి."

అతను లేచి గీత దాటి తమ్ముడి వైపు వెళ్ళి గొంతుకూర్చున్నాడు. తాళంచెవితో ఒక రాయి చుట్టూ గీకాడు. కదల్లేదు. పక్కది చూశాడు, దాని పక్కది చూశాడు. ముప్ఫై ఆరేళ్ళు జనం తొక్కినా ఒక్కటీ వదులు కాలేదు. చివరికి గుంట దగ్గరకు వచ్చాడు. అంచున ఉన్న రాయి ఊగే పన్నులా రెండు వేళ్ళకే ఊడి వచ్చింది. మట్టి దులిపి కోటు జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి ఆ రాయిని పైకెత్తి, ఇది ఎవరిదని అడిగింది.

"నాదే," అన్నాడు సిల్వీను, వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా.