మా పెద్దమ్మ, మగ్గం, నిమ్మగడ్డి వాసన

గద్వాలలో మా పెద్దమ్మ పోయింది. ఆత్మకూరులో బడి వదిలాక బస్సు కోసం నిలబడి ఉంటే పెద్దనాయన ఫోన్ చేశాడు. ఊపిరాడక దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని చెప్పాడు. ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయాడు. అవతల ఎవరో ఏడుస్తున్నది నాకు చాలాసేపు వినిపించింది.

ఆమె మా అమ్మకు అక్క. గద్వాల చీరలు నేసేది. నూలు చీరకు పట్టు అంచు కదా, నేస్తున్నంతసేపూ ప్రతి పోగు దగ్గరా ఆ రెండింటినీ మెలివేసి కలపాలి. కొన్నిచోట్ల ఆ మెలి తప్పినా అంచు విడిపోతుంది. ఆమెకు అది లెక్కే కాదు. గాజులు మోచేతి దాకా నెట్టుకుని, వీధి కబుర్లన్నీ చెబుతూనే నేసేది.

వాళ్లకు ఒక్కడే కొడుకు. కర్నూలు తోవలో లారీ గుద్ది చనిపోయాడు. ఆ తర్వాత ఆమె చేతులు మగ్గం మీద ఉన్నా చూపు వాకిట్లో ఉండేది. బయట మోటారుసైకిలు చప్పుడైతే పోగును అటూఇటూ నడిపే నాడె వదిలేసి లేచేది. అంచు అక్కడక్కడా విడిపోయేది. విప్పి మళ్లీ నేస్తే మళ్లీ తప్పేది. మగ్గం తీసేద్దామని పెద్దనాయన అన్నాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. చేతికి పని లేకపోతే పొద్దంతా కొడుకే కళ్ల ముందుంటాడని ఆమె భయం.

నేను అప్పుడు టీచరు పరీక్షకు చదువుకుంటూ వాళ్లింట్లోనే ఉన్నాను. నిద్ర పట్టడం లేదని ఆమెను దవాఖానకు తీసుకుపోతే, అక్కడి నర్సు చాలాసేపు మాట్లాడింది. నచ్చిన వాసన ఒకటి ఎంచుకుని, పనికి కూర్చునేటప్పుడే దాన్ని చూడమంది. అది మందు కాదనీ, దుఃఖం దాంతో పోదనీ, మనసు పని మీద నిలవడానికి కొందరికి ఆసరా అవుతుందనీ చెప్పింది.

నిమ్మగడ్డి నూనె చిన్న సీసా తెచ్చాను. చుక్క అద్దిన దూదిని ఆమె మగ్గం గుంజకు కట్టుకుంది. ఇంకో దూది నా పుస్తకాల పక్కన పెట్టింది. మొదట్లో ఏమీ కాలేదు. వాసన చూసేది, కాసేపు నేసేది, ఏడ్చేది, మళ్లీ వాసన చూసేది. నేనూ చదువు సాగక పుస్తకం మూసేసి కూర్చున్నాను ఒకరోజు. ఆమె చూసి మెల్లగా అంది.

"మనసు పోతది బిడ్డా. పోయినందుకు తిట్టొద్దు. మల్ల పిల్వాలె."

ఆ వానాకాలం ఒక చీర అంచు ఎక్కడా విడవకుండా మగ్గం దిగింది. ఆమె అంచు పొడవునా వేలు పోనిచ్చి మడత పెట్టింది. బాధ తగ్గిందా అని అడిగాను.

"తగ్గలే. నేను నేసెటప్పుడు అది పక్కన కూసుంటది, గంతే."

తర్వాత ఆమెకు కరోనా వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. వాసన పూర్తిగా పోయింది. కొన్ని నెలలకు తిరిగొచ్చినా సరిగ్గా రాలేదు. అన్నం, సబ్బు, మల్లెపూలు, అన్నీ మాడు కంపే. నిమ్మగడ్డి నూనె మూత తీయగానే ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది. గడప మీద కూలబడి, "గదొక్కటి గూడ పాయె" అంది. కొడుకు పోయిన రోజు చూసిన ముఖమే మళ్లీ చూశాను.

అప్పటికి నాకు ఆత్మకూరులో ఉద్యోగం వచ్చింది. సెలవులకు వెళ్లినప్పుడు ఒక పొద్దున నన్ను మగ్గం దగ్గరికి పిలిచింది. దూది, నూనె సీసా నా చేతిలో పెట్టి దూరంగా జరిగింది.

"నువ్వు చూడు. ఎట్లున్నదో నాకు చెప్పు."

అప్పుడే నిమ్మకాయ కోసినట్టుందన్నాను. దాని కింద పచ్చిగడ్డి వాసన ఉందన్నాను. వాన వెలిసిన చేనిగట్టు మీద నడుస్తున్నట్టుందన్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

"జర మెల్లగ చెప్పు. యాదికి తెచ్చుకుంటున్న."

మళ్లీ చెప్పాను. అప్పుడు నాడె అందుకుంది.

నేను లేనప్పుడు ఆ పని పెద్దనాయనది. ఆయనకు మాటలు తక్కువ. "మంచిగున్నది" అనేవాడట. ఎట్ల మంచిగున్నదని ఆమె వదలకుండా అడిగితే, పాపం, ఆలోచించి ఏదో ఒకటి చెప్పేవాడట. దాంతో ఒక్కోరోజు నేత సాగేది, చాలా రోజులు సాగేది కాదు. చివరికి కాసేపు నేస్తేనే ఆయాసం వచ్చి గోడకు ఆనుకునేది. ఆఖరి చీర సగం కూడా కాలేదు.

నా క్లాసులో ఎవరి చూపైనా కిటికీ బయటికి పోతే నేను కోప్పడను. పేరు పెట్టి పిలుస్తాను, అంతే. అది ఆమె ఇచ్చిందే.

ఫోన్ వచ్చిన రాత్రికే గద్వాల చేరాను. మరునాడు పొద్దున ఆమెను మోసుకుపోయారు. ఇంటింటా మగ్గం ఉన్న ఆ వీధి మలుపు దాకా వెంట నడిచాను. పాడె ఏ ఇంటి ముందుకు వస్తే ఆ ఇంట్లో మగ్గం ఆగింది. దాటిపోయాక కాస్త ఆగి మళ్లీ మొదలైంది. మా వెనక మగ్గాలు ఒక్కొక్కటే ఆడుతున్నాయి. ముందున్నవి ఒక్కొక్కటే ఆగుతున్నాయి.