ఎడమచేతి ముడులు

అరవై మూడులోనో నాలుగులోనో, ఇందుకూరుపేటలో మైపాడు బస్సు కోసం కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దాయన ఎడమచేత్తో తడబడుతూ వల అల్లుతున్నాడు.

“కొత్తగా నేర్చుకుంటున్నావా పెద్దాయనా?” అన్నాను.

“పుట్టినకాడ్నించీ ఇదే పని సామీ,” అని నవ్వాడు. “మిలట్రీలో తీరిక దొరికినప్పుడు నా కొడుకు సగం అల్లినాడు. పోయినేడు జీపు తిరగబడి పోయినాడు. వాడి పెట్టెలో ఇది వచ్చింది. వాడిది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు కుడిచేత్తో అల్లమని కొట్టేవాణ్ణి. ఇప్పుడు వాడి ముడులతో కలవాలని నేనే చెయ్యి మార్చుకున్నా.”

వలను నా ఒళ్లో పరిచాడు. ఏ ముడి కొడుకుదో, ఏది ఆయనదో ఎంత వెతికినా పోల్చుకోలేకపోయాను. ఆ మాటే చెప్పాను.

ఇద్దరం బస్సెక్కి మైపాడు చేరేలోగా ఆయన నవ్వుతూ నాచేత ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.