ఇరవై ముందు, పది తర్వాత

ఆసుపత్రి నెట్‌వర్క్ గదిలో ఆవిడని అందరూ ఇరవై వదిన అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పన్నెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, రౌటర్‌లో ఒక్క దారిని ఆపబోయి అన్ని దారులూ ఆపేసింది. ఆపవలసినదాన్ని పదో నంబరు వరుసలో రాసి, "మిగతావన్నీ రానివ్వు" అనే తర్వాతి వరుస, ఇరవై నంబరుది, రాయడం మరిచిపోయింది. రానిమ్మని చెప్పనిదంతా రౌటర్ లెక్కలో వద్దన్నట్టే. నలభై నిమిషాలపాటు ఆసుపత్రి మూగబోయింది. అప్పటినుంచి ఆవిడ ఇరవై ముందు రాస్తుంది, పది తర్వాత. ఎలా రాసినా రౌటర్ నంబర్ల ప్రకారమే చదువుకుంటుంది. ఇంట్లోనూ అంతే. "మా అమ్మ వద్దనేముందు వంద ఒప్పుకుంటుంది" అని కూతురు మురిసిపోతుంది.

ఆ ఉదయం ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు ఫోను చేసింది.

"వదినా, పేషెంటు తల స్కాను తెరమీదకి రావట్లేదు. లోపల రక్తం గడ్డకట్టింది, వాయిదా వేసే కేసు కాదు. పావుగంట కంటే ఆగలేమంటున్నారు డాక్టరుగారు!"

వదిన రౌటర్‌లో దారుల పట్టీ తెరిచింది. ప్రతి దారి పక్కనా ఒక చిరునామా ఉంటుంది. అటు పోయేవాటిని ముందుగా ఎవరి చేతికి అప్పగించాలో చెప్పే తర్వాతి మజిలీ అది. స్కానులు దాచే కంప్యూటర్‌కి వెళ్లే దారి పక్కన ఉన్న చిరునామా చూడగానే ఆవిడకి సంగతి అర్థమైంది. కిందటి నెల పాత భవనం స్టోర్ గదిలో మూల పడేసిన పాత రౌటర్ పెట్టెది అది. ఎవరో మళ్లీ ప్లగ్గు పెట్టారు. అవతలి తీగలు పీకేసి ఉన్నా, స్కానులకి దారి తానేనని చాటుకుంటోంది.

"స్టోర్ తాళం ఎవరి దగ్గరుంది, బాబాయ్?"

బాబాయ్ అంటే నెట్‌వర్క్ గదికి పెద్ద, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి.

"స్టోర్‌కీపరు దగ్గర. ఆయన సెలవు. పాత భవనం లైనే పీకేస్తే పోలా?"

"పోతాయి, లిఫ్టు ఫోన్లూ రక్తపరీక్షల ల్యాబూ కూడా! ఆ పెట్టెని మజిలీగా చూపించే దారులు మాత్రం వద్దందాం."

బాబాయ్ అప్పటికే కీబోర్డు లాక్కున్నాడు. పదో వరుస కొట్టి, లైనుకి తగిలించబోయాడు. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇరవై ఏది?"

"అయిదు నిమిషాలు అయిపోయాయి తల్లీ! ముందిది వేసి..."

"వేస్తే ఆ పెట్టె దారొక్కటే కాదు, పాత భవనమంతా పోతుంది. లేవండి."

"నా కుర్చీలోంచి నన్నే లేపుతావా?"

"ఆ తప్పు నేనొకసారి చేసేశాను బాబాయ్. మీకు మిగల్చలేదు."

ఆయన నవ్వుకుంటూ లేచాడు. వదిన ఆయన కొట్టింది చెరిపేసింది. ఇరవై: మిగతావన్నీ రానివ్వు. పది: ఈ చిరునామా మజిలీగా ఉంటే వద్దు. రెండూ పైకి ఒకసారి చదివి, పాత భవనం లైనుకి తగిలించి, పట్టీ మళ్లీ తెరిచింది. స్కానుల పక్కన పాత చిరునామా పోయి, కొత్త భవనం చిరునామా వచ్చింది. లిఫ్టులూ ల్యాబూ ఉన్నచోటే ఉన్నాయి.

"వచ్చింది వదినా!" అంది నర్సు. వెనకనుంచి డాక్టరుగారి గొంతు, "తలుపు వెయ్యండి, మొదలుపెడదాం." నర్సు ఠక్కున ఫోను పెట్టేసింది.

వదిన కుర్చీలోంచి లేచింది. "ఇక స్టోర్‌కీపరు ఇల్లెక్కడో చెప్పండి బాబాయ్. ఆ ప్లగ్గు నేనే పీకుతాను."