పక్షానికొక గురువారం

ఈ విషయం రాయకుండానే కాలం వెళ్ళిపోతుందని అనుకున్నాను. మొన్న కోరుట్లలో మా వీధివాడొకడు నడి ఎండాకాలంలో మెడకు మఫ్లర్ చుట్టుకొని తిరుగుతుంటే పిలిచి కారణమడిగాను. "ఏం లేదు సార్, సర్ది" అన్నాడు. ఆ అబద్ధం నాకు పరిచయమైనదే. ఒకప్పుడు నేనూ అలాంటిదే చెప్పాను. దాని ఫలితం అనుభవించాను. అందువల్ల రాయక తప్పడం లేదు.

మాది సిరిసిల్ల. మగ్గాలున్న ఇంట పుట్టి, చదువుకొని, కోరుట్లకు పది మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడినయ్యాను. ఒకనాటి ఉదయం చొక్కా పైగుండీ పెట్టుకుంటుండగా మెడ ఎడమవైపున చింతగింజంత గడ్డ వేలికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి సెలవు పెట్టడం నాకు అలవాటు లేదు, బడికి వెళ్ళిపోయాను.

నెల తరువాత జగిత్యాలలో చూపిస్తే టీబీ గడ్డ కావచ్చునని మందులిచ్చారు. మూడు నెలలు ఒక్క మాత్ర తప్పకుండా మింగాను. గడ్డ నిమ్మకాయంత అయింది. నిద్రలో చెమటలతో పక్క తడిసేది. చివరికి హైదరాబాదులో బయాప్సీ చేశారు.

"హాడ్జ్‌కిన్స్ లింఫోమా. క్యాన్సరే, కానీ మందుకు లొంగే రకం. రెండు వారాలకొకసారి కీమోథెరపీ, మొత్తం పన్నెండు. తేదీ తప్పకూడదు," అన్నారు డాక్టరు. తరువాత నా వెనుక ఉన్న ఖాళీ కుర్చీ చూసి, "తోడు ఎవరు వచ్చారు?" అని అడిగారు. ఎవరూ లేరన్నాను. "వచ్చేసారి ఒంటరిగా రావద్దు."

తేదీలు పాటించాను. రెండవ మాట పాటించలేదు. క్యాన్సర్ అంటే చావేనని, అంటుకుంటుందని జనం నమ్మే కాలమది. నా భార్య సరోజనను, ఇద్దరు బిడ్డలను చదువు నెపంతో సిరిసిల్లలో మా అన్న ఇంటికి పంపించాను. ఆమెకు కడుపులో పుండు అని చెప్పాను. సెలవు దరఖాస్తులో "స్వంత పని" అని రాశాను. పక్షానికొక గురువారం మొదటి బస్సుకు వెళ్ళి, శుక్రవారం సాయంత్రం తిరిగివచ్చేవాడిని. మూడవసారికే జుట్టు పోగులుగా రాలింది. తలకు రుమాలు చుట్టాను.

కీమో ఇచ్చే గదిలో వాంతి వస్తే అందరికీ ఎవరో ఒకరు బకెట్ పట్టేవారు. నా బకెట్ నేనే పట్టుకునేవాడిని. ఒకసారి పక్కమంచం స్త్రీకి భర్త బత్తాయి వలిచి పెడుతూ, అలవాటు కొద్దీ ఒక తొన నా వైపూ చాచాడు. వాంతుల వల్ల తినలేకపోయాను. జేబులో వేసుకున్నాను, అది ఊరు చేరేదాకా జేబులోనే ఉంది. నాలుగవసారి జ్వరం వచ్చింది. "రక్తంలో కౌంట్స్ పడిపోయాయి, ఈసారి ఇవ్వలేం" అని వెనక్కు పంపారు. ఇంటికి వచ్చి గంజి కాచుకొని, తాగలేక, గిన్నె ముందే కూర్చున్నాను.

అప్పటి మా ప్రాంతంలో ఒకవైపు అన్నలని పిలిచే నక్సలైట్లు, మరొకవైపు పోలీసులు. ఎవరు ఎక్కడికి ఎందుకు పోయివస్తున్నారో ఊరంతా గమనించేది. ఆరవ కీమోకు పోయివచ్చిన శుక్రవారమే పోలీసులు వచ్చి ఊళ్ళోని ఇద్దరు యువకులను పట్టుకుపోయారు. మరునాటి నుంచి నేను హోటలుకు వెళితే మాటలు ఆగిపోయేవి. నా రోగం సంగతి తెలిసిపోయిందని, అసహ్యించుకుంటున్నారని అనుకున్నాను.

నాలుగు రోజుల తరువాత మంగలి రాజలింగం పొద్దున్నే ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"సారూ, ఒకటడుగుత, కోపం జెయ్యకు. పట్నంల ఎవలకు జెప్పొస్తున్నవు?"

"ఏమి చెప్పడం?"

"గురువారం నువ్వు పోయినవు, శుక్రారం పోలీసులచ్చిండ్రు. పెండ్లాం పిల్లలను ముందుగాల్నే సిరిసిల్లకు తోలిచ్చినవు. నా కత్తి కిందికి తలకాయ వెట్టక రెండు నెలలాయె. రుమాలు సుట్టి మొకం దాసుకుంటున్నడు, ఇన్‌ఫార్మరే అంటున్నరు. అన్నలు గూడ ఆరా తీస్తున్నరు సారూ."

నేను ఎంతో క్రమంగా అమర్చుకున్న ప్రతి ఏర్పాటూ నా మీద సాక్ష్యమై నిలిచింది. ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడినవాడు ఎన్నాళ్ళు బతుకుతాడో అందరికీ తెలుసు.

ఆ ఉదయమే, ఉద్యోగంలో మొదటిసారి బడికి ఆలస్యమవుతుందని కబురు పంపి, హోటలు ముందు రాజలింగం పీట మీద కూర్చున్నాను. రుమాలు తీశాను.

"గొరుగు," అన్నాను.

"ఏం గొరగాలె సారూ? కల్లం ఊడ్శినట్టున్నది గదా!"

హోటల్లో ఎవరో నవ్వారు. నేను గుండీ విప్పి మెడ మీది కుట్ల మచ్చ చూపించాను. ఆసుపత్రి కాగితం తీసి, హాజరు పిలిచే గొంతుతో ఒక్కొక్క తేదీ చదివాను. అన్నీ గురువారాలే, ఒక్కొక్క దానికి ముద్ర ఉంది. "ఇది క్యాన్సర్," అన్నాను. ఆ మాట ఊళ్ళో బయటికి అనడం అదే మొదలు.

ఒక ముసలాయన లేచి వచ్చాడు. "గీ ముచ్చట ముందుగాల జెప్తె నీదేం బోతుండె సారూ? ఇంకో వారమైతె మా నోటితోనే నీ పానం దీస్తుంటిమి!"

చెప్పవలసిన చోటికి మాట చేరింది. నా గురించి మళ్ళీ ఎవరూ ఆరా తీయలేదు. అయితే హోటల్లో నా గ్లాసు వేరుగా గూట్లో బోర్లించారు. అంటురోగం కాదని వివరించాను. తలలూపారు, గ్లాసు మాత్రం కదలలేదు. ఒకనాడు రాజలింగం నా చాయ్‌లో సగం సాసర్లో ఒంపుకొని తాగేశాడు. మిగిలిన ఆరు గురువారాలూ నా వెంట వచ్చి బకెట్ పట్టాడు. "సారు పక్కన కూసుంటె పరీక్ష రాసినట్టున్నది," అని బస్సులో విసుక్కునేవాడు.

కబురు విని సరోజన సిరిసిల్ల నుంచి వచ్చింది. "నువ్వు పట్నంల సూదులేయించుకుంటుంటె నన్ను గాడ మగ్గం కండెలు సుట్టుకుంట కూసోవెడ్తివి. నేనేం సచ్చిన్ననుకున్నవా?" అంటూనే పొయ్యి ముట్టించి గంజి కాచింది.

పన్నెండవ కీమో తరువాత గడ్డ పూర్తిగా కరిగింది. ఇప్పుడు ఏటా ఒకసారి పరీక్షకు వెళతాను, తోడుతోనే. రోగులకు నేను చెప్పగలిగినది ఒకటే: మొదటి వారంలోనే ఒక్క మనిషికైనా రోగం పేరు పెట్టి చెప్పండి, ఆ మనిషిని వెంట తీసుకెళ్ళండి. తోడు వెళ్ళేవారు ధైర్యవచనాలు చెప్పనక్కరలేదు. బకెట్ పట్టుకుంటే చాలు.

మందుల పేర్లలో, తేదీల వరుసలో నా జ్ఞాపకం తప్పి ఉండవచ్చు, తెలిసినవారు సరిచేయండి. మరొకటి. పట్టుకుపోయిన ఇద్దరిలో ఒకడే తిరిగివచ్చాడు. రెండవవాడి తల్లి నేను బదిలీ అయ్యేదాకా నా వైపు పాత అనుమానపు చూపే చూసింది. ఆమె గడపకు వెళ్ళి నా కాగితం చూపించాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఆమె తరఫువారు ఎవరైనా ఇది చదివితే, నేను ఇందులో రాసినదానిలో ఏది తప్పో నాకు చెప్పండి. వస్తాను, కూర్చుంటాను, వింటాను.