అపులంలో మిగిలిన జియాయిస్

అపులంలో కుండలు చేసే జియాయిస్ పుట్టిన ఇల్లు వదిలి ఎరగదు. కదిలినవన్నీ ఏలే పరాయి దొరలు గీసిన సరిహద్దు గీతలే. పెద్దల కాలంలో డాసియా అంతా ఒకటే సీమ. దాన్ని రెండు చేశారు, చాలక మూడు చేశారు, మళ్ళీ మూడింటి పెత్తనమూ ఒక్కడికే అప్పగించారు. గీత మారినప్పుడల్లా తగవులు తీర్చే చోటు మారేది. కుండలు మాత్రం ఆ వాగు మట్టితోనే అయ్యేవి.

ఈసారి ఏకంగా సీమే లేచిపోయింది. దొరల దండు వెనక్కి వెళుతోందనీ, వచ్చేవాళ్ళు బళ్ళు కట్టుకుని డాన్యూబ్ నది దాటాలనీ, ఇకమీదట అవతలి గట్టునే డాసియా అంటారనీ చాటింపు వేశారు. చెప్పడానికి సిగ్గయినా వేయలేదు.

కూతురు దీదా బండి సర్దుతుంటే జియాయిస్ గునపం పట్టుకుని శ్మశానానికి నడిచింది. భర్త నాటొపోర్ సమాధిలోకి దిగిన మట్టి గొట్టం ఆమె చేసిందే. ఏటా గులాబీల పండుగనాడు అందులో ద్రాక్షసారా పోసి, పేరు పెట్టి పిలవాలి. పోసే దిక్కులేకపోతే చచ్చినవాడి దాహం తీరదు. ఆమె దిగులంతా అదే.

దీదా పరుగున వచ్చింది.

"ఇదేం పనే అమ్మా? గొట్టం పీక్కెళ్తే నాన్న వస్తాడా?"

"పేరు పట్టుకెళ్తే దేశం వస్తుందంటున్నారుగా! మీ నాన్న రాడేం?"

దీదా నవ్వబోయి ఏడ్చేసింది. జియాయిస్ గునపం కింద పెట్టేసింది.

"నువ్వెళ్ళు తల్లీ. పిల్లలున్నదానివి. నేను రాలేను."

ఆమె ఉండిపోతోందని ఊరంతటికీ తెలిసింది. బయల్దేరేముందు ఒక్కొక్కరే వచ్చి తమ సమాధులు అప్పగించారు. ఎప్పుడూ ఆమె కుండలకు వంకలు పెట్టే రొట్టెల బీతుస్ గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

"వదినా, మా చంటిదానిక్కూడా ఓ చుక్క..."

"పేరు చెప్పు."

"పెట్టలేదొదినా. ఈలోపే పోయింది."

"సరేలే, నా పేరుతో పిలుస్తా. వెళ్ళిరా."

పండుగ వచ్చింది. గులాబీలకేం తెలుసు, విరగబూశాయి. జియాయిస్ ఇంట్లో మిగిలిన ఒక్క కూజా సారాతో సమాధి సమాధికీ వంగి, పేరుపేరునా పిలిచి పోసింది. బీతుస్ బిడ్డను చెప్పినట్టే తన పేరుతో పిలిచింది. నాటొపోర్ ఇంటివాడు కదా అని ఆఖరున పెట్టుకుంది. అక్కడికొచ్చి కూజా వంచితే చుక్క రాలేదు.

ఆమె నేలమీద కూలబడి గొట్టానికి నోరు ఆనించింది.

"ఇవాళ నీకు మిగల్లేదయ్యా. చుట్టాలెక్కువైపోయారు."