బీరువాలో గార్డుగారు

“ఆ బీరువాలో నా పిల్ల దూరి, తలుపు పడి, ఊపిరాడకపోతే పూచీ ఎవరిది?”

సంతోషకుమారి అత్తగారింట్లో ఈ ప్రశ్న రోజూ పొద్దున కాఫీతోపాటే వినిపించేది. జవాబు మాత్రం వచ్చేది కాదు. జవాబు చెప్పవలసిన పెద్దమనిషి సరిగ్గా ఆ సమయానికి బీరువాలో ఉండేవాడు.

అవును, బీరువాలోనే. ఆమె మామగారు జక్రయ్య తన చేత్తో చెక్క బీరువాలు చేస్తాడు. అందులో వింత లేదు, చేసేవాళ్ళు ఊరూరా ఉన్నారు. కానీ ఆయన చేసిన ప్రతి బీరువాలోనూ, సామాను సర్దకముందే, తనే కింది అరలోకి దూరి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, తలుపు లాక్కుంటాడు. కాసేపటికి లోపలినుంచి, మెడలో తాడుకు కట్టుకున్న ఈల ఊదుతాడు. తరవాత తలుపు తోసుకుని బయటికొచ్చి, లుంగీకంటిన రంపప్పొట్టు దులుపుకుని, “రైట్” అంటాడు. నచ్చకపోతే ఏమీ అనడు. ఉలి తీసుకుని మళ్ళీ లోపలికి పోతాడు.

ఆయన గూడ్సుబండి గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. బండి చివర బ్రేకువ్యానులో ఒంటరిగా కూర్చుని బిట్రగుంటకూ బెజవాడకూ మధ్య జీవితమంతా ఊగాడు. అందుచేత ఊళ్ళో వాళ్ళు ఆయన అలవాటుకు కారణం వాళ్ళే కనిపెట్టేశారు. పాపం, గార్డుగారికి డబ్బా మీద బెంగ తీరలేదు అన్నారు. పత్తిరైతు బుడాన్ మందు కొట్టే స్ప్రేయరు భుజానేసుకుని రిపేరుకు వచ్చినప్పుడల్లా మూసివున్న బీరువా తలుపు మీద వేళ్ళతో కొట్టేవాడు.

“ఏం గార్డు మావా, బండి ఎందాకా వచ్చింది?”

“వేటపాలెం దాటాం!” అని లోపలినుంచి వినపడేది.

“చీరాల్లో ఆగుద్దా?”

“సిగ్నల్ ఇస్తే ఆగుద్ది. నువ్వు తలుపు మీంచి చెయ్యి తియ్యి!”

వాళ్ళకేం, నవ్వుకుని పోతారు. సంతోషకుమారి ఒళ్ళు మండిపోయేది. ఆమె ఫిజిక్సు చదివింది, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. మూసిన పెట్టెలో గాలి ఎంతసేపు సరిపోతుందో పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి చూపించగలదు. ఆ లెక్క తన ఇంట్లోనే, తన రెండున్నరేళ్ళ కూతురు రూతుకే అవసరపడేట్టు ఉందని ఆమె భయం.

భయపడడానికి కారణం లేకపోలేదు. చీరాల నుంచి పర్చూరు వెళ్ళే రోడ్డు మీద ఇల్లు, ఇంటి పక్కనే రేకుల షెడ్డు. అందులో ఆమె భర్త ఇమ్మానియేలు స్ప్రేయర్లు బాగుచేస్తాడు. ఎనభైల దశకం నడుమ ఆ నల్లరేగడిలో పత్తి వెయ్యనివాడు లేడు, మందు కొట్టనివాడూ లేడు. రైతు స్ప్రేయరుతోపాటు అడుగున ఇంత మిగిలిన మందుసీసా కూడా తెచ్చి, “ఉంచు ఇమ్మానియేలూ, మళ్ళొచ్చినప్పుడు పట్టుకుపోతా” అని వదిలేసి పోతాడు. ఆ సీసాలన్నీ, నట్లూ వాషర్లూ స్పానర్లూ అన్నీ మామగారి బీరువాల్లోనే.

పోనీ ఆ బీరువాలైనా సవ్యంగా ఉన్నాయా? ఉండవు. ఒక్కదానికీ పిడి లేదు. వేటపాలెం నుంచి తెచ్చిన జీడిపప్పు పెట్టెలు విప్పి చేసినవి కాబట్టి, ఒక తలుపు మీద ఏ షావుకారు పేరో తలకిందులుగా ఉంటుంది. తెరవాలంటే కుడివైపు పైమూల అరచేత్తో నొక్కాలి, అదే సమయంలో ఎడమవైపు కిందిమూల మోకాలితో ఒత్తాలి. అప్పుడు తలుపు ‘టక్’ మని కొంచెం విడుతుంది. చీర కట్టుకున్న మనిషి ఆ భంగిమలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒకసారి స్క్రూడ్రైవరు కోసం సంతోషకుమారి అలా బీరువాతో కుస్తీ పడుతుండగా చర్చి పాస్టరుగారు వచ్చి, చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

“మామయ్యా, తలుపుకి పిడి పెడితే మీ సొమ్మేం పోతుంది?” అని ఆవేళ నిలదీసింది.

“పిడి పెడితే అందరూ తెరుస్తారమ్మాయ్.”

“తెరవడానికే కదా తలుపు!”

“వెయ్యడానికి కూడా.”

“మరి వెనక చెక్కనిండా ఆ బెజ్జాలేంటి? బొద్దింకలకి కిటికీలా?”

“బీరువాకి ఊపిరాడాలి కదా!”

బీరువాకి ఊపిరట! కోడలు వంటింట్లోకి వచ్చి, ఆ కోపమంతా మిరపకాయల మీద చూపించి, రోట్లో కారం దంచింది. ఆ పూట ఇంటిల్లిపాదీ తుమ్మారు.

అన్నిటికన్నా ఘోరం ఆ ఈల. బడినుంచి వచ్చి, రూతుకు అన్నం తినిపించి, జోలపాడి, జోకొట్టి, మెల్లగా మంచం మీద పడుకోబెట్టి చెయ్యి తీస్తుంది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి “కుయ్య్!” అని గూడ్సుబండి బయలుదేరుతుంది. పిల్ల లేచి కూర్చుని చప్పట్లు కొడుతుంది. “తాతా! రైట్!”

“అత్తయ్యా, మీరైనా చెప్పండి!” అని అత్తగారు ప్రేమమ్మ దగ్గర మొర పెట్టుకుంది.

ప్రేమమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, “నాకు పెళ్ళయిన కొత్తలో పెట్టె చేశాడమ్మా, చీరలు పెట్టుకోమని” అంది. “చీరలు పెట్టకముందు తనే పడుకుని చూశాడు. మా అమ్మ అది చూసి ‘శవప్పెట్టె కొలతలా బాబూ?’ అని ఏడుపు మొదలెట్టింది. నేనప్పుడే చెప్పడం మానుకున్నా.”

ఇక లాభం లేదనుకుని సంతోషకుమారి చీరాల బజారుకు వెళ్ళి ఇత్తడి పిడులు కొనుక్కొచ్చింది. మొగుడి ముందు మూట విప్పి పోసింది.

“ఏవండీ, ఆదివారం చర్చి అయ్యాక వీటిని బిగిస్తారా, లేకపోతే నేనూ పిల్లా చీరాల్లో గది తీసుకుంటాం. మీరొచ్చి చూసిపోదురుగాని.”

ఇమ్మానియేలు పిడుల వంకా పెళ్ళాం వంకా చూశాడు. పిడులే మెత్తగా కనిపించాయి. “బిగిస్తాలే” అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగించుకుని ఇంటికి రాగానే షెడ్డులో కోర్టు మొదలైంది. ఇమ్మానియేలు చేతిలో బరమా, సంతోషకుమారి చేతిలో పిడులు, బీరువాకు అడ్డంగా జక్రయ్య. ఆదివారమని చూడకుండా స్ప్రేయరు మోసుకొచ్చిన బుడాన్, ఇంత మంచి తగువు వదులుకోలేక, ఒక డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. బుడాన్‌కు వాషరు కావాలంటే అంతకుముందే ఇమ్మానియేలు, వాషర్లు తప్ప ఇంకా ఏమీ సర్దని చివరి బీరువా కింది తలుపు తెరిచి, వాషరు తీసి, తలుపు అలాగే వదిలేశాడు.

“నాన్నా, పక్కకి జరుగు. రెండు బెజ్జాలే కదా.”

“నా బీరువాకి బెజ్జం పెడితే నా ఒంటికి పెట్టినట్టేరా!”

“మీరు వెనకంతా పెట్టుకున్నారుగా!” అంది కోడలు.

“అవి వేరు, ఇవి వేరు!”

“ఏం వేరో చెప్పండి! ఇన్నాళ్ళూ అడుగుతున్నా, ఒక్కదానికైనా తిన్నగా జవాబు చెప్పారా? చంటిపిల్ల ఉన్న ఇంట్లో మందుసీసాలు, పెట్టెలు, అవి తెరవడానికి సర్కస్సు! నా భయం మీకు ఆటగా ఉందా?”

“గార్డు మావా, సిగ్నల్ పళ్ళేదు” అన్నాడు బుడాన్ ఉత్సాహంగా.

“నువ్వు నోరు ముయ్యరా!”

అప్పుడు ఇంట్లోంచి ప్రేమమ్మ కేకేసింది. “రూతు మీ దగ్గరుందా? అన్నం చల్లారిపోతోంది!”

నలుగురూ షెడ్డంతా కలయచూశారు. రూతు అక్కడ లేదు. సంతోషకుమారి వీధి వాకిలికి పరిగెత్తింది. రోడ్డు మీద లేదు. పెరట్లో లేదు. నీళ్ళతొట్టిలోకి తొంగిచూసి, లేదని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ షెడ్డులోకి వచ్చింది. వచ్చి, చివరి బీరువా వైపు చూసింది. ఇందాక బార్లా తెరిచి ఉన్న కింది తలుపు ఇప్పుడు మూసి ఉంది.

“అయ్యో, నా తల్లీ!” అని దానిమీద పడింది. పట్టుకుని లాగడానికి పిడి లేదు. గోళ్ళు చెక్క సందులో దూరలేదు. కుడిచేత్తో ఎక్కడ నొక్కాలో, ఏ మోకాలితో ఒత్తాలో కంగారులో మరిచిపోయింది. ఇమ్మానియేలు బరమా పారేసి గునపం అందుకున్నాడు. బుడాన్ బోర్లించిన డబ్బాతో సహా లేచాడు.

“ఆగండి!” అన్నాడు జక్రయ్య. “గునపం పెట్టకురా, చెక్క విరిగి పిల్లకి గుచ్చుకుంటుంది. అమ్మాయ్, నువ్వు తలుపుకి ఆనకుండా పక్కకి రా. ఎవరూ అడ్డం నిలబడొద్దు.”

“మీ బీరువా తగలెయ్య! పిల్ల లోపలుంటే—”

“కుయ్య్!”

అందరూ కోపంగా జక్రయ్య వైపు తిరిగారు. ఈ సమయంలో కూడా ఈలేనా అని. కానీ ఆయన రెండు చేతులూ ఖాళీ, నోరూ ఖాళీ.

చివరి బీరువా తలుపు లోపలినుంచి ‘టక్’ మంది. ముందు ఒక బుల్లి పాదం వచ్చింది. తరవాత రెండోది. ఆ తరవాత మెడలో తాడుకు వేలాడే తాత ఈలతో రూతు బయటికి వచ్చి, గౌనుకున్న పొట్టు తాతలాగే దులుపుకుని, అందరినీ ఒకసారి చూసి ప్రకటించింది.

“రైట్!”

సంతోషకుమారి పిల్లను వాటేసుకుని ఏడవబోయింది. కానీ మనిషి సైన్సు టీచరు కదా, ఏడుపు సగంలో ఆగిపోయింది. పిల్లను చంకనేసుకునే వంగి, తలుపు లోపలివైపు చూసింది. గడియ ముక్కును ఒకవైపు వాలుగా చెక్కి ఉంది. బయటినుంచి పెద్దవాళ్ళ చేయీ మోకాలూ ఒకేసారి పడితే తప్ప కదలదు. లోపలినుంచి పిల్ల కాలితో తంతే చాలు, వాలు మీదుగా జారిపోతుంది. బడిలో తను పాఠం చెప్పే వాలుతలమే అది. అయితే ఆ బెజ్జాలు బొద్దింకలకి కాదన్నమాట.

“ఇది... రూతు కోసమా?”

జక్రయ్య ఆమె ముఖంలోకి చూడకుండా తలుపు అంచు తుడిచాడు. “అంతకుముందు వీడి కోసం” అని కొడుకును చూపించాడు. “నా చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ మిరపకాయల పెట్టెలో దూరానమ్మా. పైన మూత పడింది. ఎంత అరిచినా ఎవడికీ వినపళ్ళేదు. చివరికి నా తుమ్ములు విని తీశారు. మిరపకాయలు కాబట్టి బతికా. అదే పత్తయితే తుమ్ము కూడా వచ్చేది కాదు.”

“మరి అడిగినప్పుడు ఆ ముక్క చెప్పొచ్చుగా!”

“చెప్తే నీ భయం రెట్టింపయ్యేది. అసలే రోజూ కారం దంచుతున్నావు.”

ఇలాంటి చోట కథల్లో కోడలు మామగారి కాళ్ళకు మొక్కుతుంది. సంతోషకుమారి అలా చెయ్యలేదు. పిల్లను భర్తకిచ్చి, బీరువా వెనక చెయ్యి పెట్టి చూసింది.

“బెజ్జాలు బాగానే ఉన్నాయి మామయ్యా. బీరువాని గోడకి ఆనించేశారు. ఇంక గాలి ఎటునుంచి వస్తుంది?”

జక్రయ్య తెల్లబోయాడు. “నేను కూర్చున్నప్పుడు ఊపిరి బాగానే ఆడిందే!”

“ఆడుతుంది. మీ పొట్ట అడ్డమొచ్చి తలుపు పూర్తిగా పడదు కదా!”

మళ్ళీ డబ్బా మీద కూర్చున్న బుడాన్ కిందపడి నవ్వాడు. ఇమ్మానియేలు పిల్ల వెనక ముఖం దాచుకున్నాడు. జక్రయ్య తన పొట్ట వంక ద్రోహిని చూసినట్టు చూశాడు. తరవాత మామా కోడలూ కలిసి బీరువాలన్నిటినీ గోడనుంచి జానెడు ముందుకు జరిపారు.

“ఇప్పుడు సరిగ్గా ఉందో లేదో తేలాలి” అన్నాడాయన, బీరువా వంకా కోడలి వంకా మార్చి మార్చి చూస్తూ. “నా పొట్ట పనికిరాదన్నావుగా. నువ్వయితే సన్నగా ఉన్నావు.”

చర్చికి కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బి.ఎస్సీ., బి.ఎడ్. సంతోషకుమారి కింది అరలోకి దూరి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తలుపు లాక్కుంది. లోపల జీడిపప్పు వాసన, మందు వాసన, వెనకనుంచి సన్నగా చల్లగాలి. తలుపు మీద వేళ్ళచప్పుడయింది.

“టీచరమ్మా, బండి ఎందాకా వచ్చింది?”

“చీరాల వస్తోంది! ప్లాట్‌ఫారం అంచునుంచి తప్పుకో బుడాన్ బాబాయ్!”

ఆ ఇత్తడి పిడులు ఊరికే పోలేదు. ప్రేమమ్మ తన చీరల పెట్టెకు పెట్టించుకుంది. మందుసీసాలు మాత్రం ఆ వారంలోనే ఎవరివి వాళ్ళకు తిరిగి వెళ్ళిపోయాయి. అది సంతోషకుమారి పెట్టిన షరతు.

రెండేళ్ళ తరవాత ఆమెకు వినుకొండ బడికి బదిలీ అయింది. కొత్త ఇంటికి ఇనపబీరువా కావాలని కొండ కింద బజారులో దుకాణానికి వెళ్ళింది. షావుకారు రంగు చూపించాడు, తాళం చూపించాడు, అద్దం చూపించాడు. ఆమె అన్నీ విని, చెప్పులు విప్పి, బీరువాలోకి ఎక్కి కూర్చుంది.

“తలుపు వెయ్యండి.”

షావుకారు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా వీధివైపు చూశాడు. ఆమె మూడు దుకాణాల్లో అలా కూర్చుని, ఏదీ కొనకుండా లేచి వచ్చింది. చివరికి మామగారే వేటపాలెం చెక్కలు లారీకెత్తించుకుని వినుకొండలో దిగాడు. ఊళ్ళో కొందరు టీచరమ్మకు కాస్త తిక్క అనుకుంటారట. అననీ. ఆమె ఇప్పటికీ ఆయన చెప్పినట్టే చేస్తుంది.

“బయట నిలబడి చూస్తే అన్ని బీరువాలూ మంచివేనమ్మాయ్. లోపల కూర్చుని తలుపేసుకో. బయటికి రాగలిగితే కొనుక్కో. రాలేకపోతే ఈల వెయ్యి.”