రంగు తొట్టిలో జలాంతర్గామి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సంతోషమొస్తే మాత్రం కాళ్లు నేల మీద నిలవవు. డిప్లొమా చివరి ఏడాది, రెండు వేల సంవత్సరం దాటిన రోజుల్లో, ఆ రెండూ ఒక్క పూటలోనే జరిగాయి.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేను వనపర్తి హాస్టల్లో ఉండి చదివేదాన్ని. "ఈ ప్రాజెక్టు అయినంక మగ్గం మీద కూసో, పై చదువు నాతోని కాదు" అని నాన్న తేల్చేశాడు. ప్రాజెక్టుకని నేను చేసిన బండి నడిచి చూపిస్తే ఆయన మనసు మారుతుందేమోనని నా ఆశ.

అది నీళ్లలో మునిగి తిరిగే మూరెడు బండి. దాన్ని నడిపేది ఫ్యూయెల్ సెల్. ఒక బెలూన్‌లో హైడ్రోజన్, ఇంకోదాంట్లో ఆక్సిజన్. రెండూ సెల్‌లో కలిస్తే కరెంటు పుడుతుంది, మిగిలేది చుక్క నీరు. నీటి అడుగున గాలి దొరకదు కాబట్టి ఆక్సిజన్ వెంట తీసుకెళ్లాల్సిందే.

పరీక్ష రోజు బండిని వదిలి చూపడానికి అమ్మానాన్నలు మా నూలుకు రంగులద్దే తొట్టిని బస్సు మీద వేసుకొచ్చారు. అంచులకింకా ఎర్రరంగు మరకలే. కాలేజీ అంతా ఎగబడి చూసింది. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

నేను బెలూన్లు నింపుకొచ్చి హడావిడిగా గొట్టాలు తగిలించి బండిని నీళ్లలో వదిలాను. బుడుంగున మునిగి, గిర్రున సగం చుట్టు తిరిగి, ఆగిపోయింది. లెక్చరరు గడియారం చూసుకున్నారు. పైకి తీసి చూస్తే ఆక్సిజన్ గొట్టం మూతి నిండా పసుపు ముద్ద.

"ఎవరు పెట్టిండ్రే గిది?" అని అరిచాను.

"కొత్త బండి గదా బిడ్డా," అంది అమ్మ మెల్లగా. "కొత్త మగ్గానికి గూడ పెడ్తం గద. నువ్వు అటు పోయినప్పుడు పెట్టిన."

తిట్టాలని నోరు తెరిచాను. ఈలోపు నాన్న జేబులోంచి దువ్వెనలాంటి మగ్గం పళ్లలోంచి పోగులు లాగే సన్నటి కొక్కెం తీశాడు. పోగు తెగనివ్వని చేతులవి. పసుపు మొత్తం గీకి, గొట్టం ఊది, నాకిచ్చాడు.

ఈసారి బండి ఆగలేదు. తొట్టిలో చుట్టూ చుట్టూ తిరుగుతుంటే దాంతోపాటే నేనూ తిరిగాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. అమ్మను వాటేసుకుని ఆమె బొట్టంతా చెరిపేశాను. పిల్లలు చప్పట్లు కొడుతుంటే నాన్న మాత్రం వంగి నీళ్లలోకే చూస్తున్నాడు. చాలాసేపటికి లేచి, తడిచేతులు పంచెకు తుడుచుకుని లెక్చరరు దగ్గరికి వెళ్లాడు.

"సారూ, గిసొంటివి ఇంకా పెద్దగ చేసే చదువు యాడుంటది? మా పిల్లను యాడ చేర్పియ్యాలె?"

నా గెంతులు ఆగిపోయాయి. అమ్మ కొంగు పట్టుకుని భోరున ఏడ్చాను.